ప్రోస్టేట్‌కి ఆఫ్రికా పైజియం బెరడు: క్యాప్సూల్ వేరు, కషాయం వేరు

మీరు అడిగింది ఇది. నాన్నగారికి 66 ఏళ్ళు, రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేస్తున్నారు, ధార సన్నబడింది. డల్లాస్‌లో ఉన్న అక్క పైజియం క్యాప్సూల్స్ పంపింది. నైరోబీలో పనిచేసే బంధువు ఒకాయన అదే చెట్టు బెరడు పొడి అరకిలో తెచ్చిచ్చారు. రెండింట్లో ఏది మంచిది, ఎంత వేసుకోవాలి, డాక్టర్ రాసిన టామ్సులోసిన్ మాత్ర మానేసి ఇవి వాడొచ్చా అన్నది మీ సందేహం.

ముందు సూటిగా చెప్తాను. పరీక్షలు చేయించి, అది క్యాన్సర్ కాని మామూలు ప్రోస్టేట్ వాపే అని తేలాక క్యాప్సూల్ వాడి చూడొచ్చు. పొడి మాత్రం వద్దు, కషాయం అసలే వద్దు. టామ్సులోసిన్ మీ అంతట మీరు ఆపకండి. ఎందుకో ఒక్కొక్కటే వివరిస్తాను.

ఈ చెట్టు శాస్త్రీయ నామం ప్రూనస్ ఆఫ్రికానా. 1965 దాకా పైజియం ఆఫ్రికానమ్ అనేవారు, వ్యాపారంలో ఆ పాత పేరే నిలిచిపోయింది. బాదం, పీచ్, ఆల్బుకరా చెట్ల కుటుంబమే ఇదీ. ఆఫ్రికాలో ఎత్తైన కొండల మీద, సుమారు వెయ్యి నుంచి మూడు వేల మీటర్ల మధ్య చల్లటి అడవుల్లో పెరుగుతుంది: కామెరూన్ పర్వతం, ఓకు కొండలు, కెన్యా పర్వత సానువులు, ఇథియోపియా, ఉగాండా, మడగాస్కర్, కింద దక్షిణాఫ్రికా దాకా. కెన్యాలో కికుయులు దీన్ని ముయిరి అంటారు, జులూలు ఇన్యాజంగోమా ఎలిమ్న్యామా అంటారు, అమ్హారిక్‌లో తికుర్ ఇన్చెత్. బెరడు నల్లగా, పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఆకు కాడ ఎర్రగా ఉంటుంది. ఆకు నలిపితే చేదు బాదం వాసన కొడుతుంది. ఆ వాసన సంగతి గుర్తుంచుకోండి, జాగ్రత్తల దగ్గర అదే ముఖ్యం.

ఈ బెరడు అక్కడి ఊళ్ళలో ఒక్క ప్రోస్టేట్‌కే కాదు, జ్వరానికి, కడుపునొప్పికి, ఛాతీ నొప్పికి, మూత్రం ఇబ్బందులకి, గాయాల మీద పట్టుకి, పశువుల జబ్బులకి కూడా వాడతారు. దక్షిణాఫ్రికాలో బెరడు పొడిని పాలలో కలిపి ముసలివాళ్ళ మూత్ర బాధకి ఇచ్చే అలవాటు చూసే యూరప్ వాళ్ళు దీని మీద దృష్టి పెట్టారని చెబుతారు. ఫ్రాన్స్‌కి చెందిన జాక్ దెబా 1966లో బెరడు సారం మీద పేటెంట్ తీసుకున్నాడు. దాంతో టాడెనాన్ అనే మందు వచ్చింది. ఇప్పుడు అమెరికాలో పైజియం పేరుతో దొరికే సీసాలన్నీ ఆ దారిలో వచ్చినవే, నాణ్యతలో మాత్రం అన్నీ ఒకటి కావు.

మీ ప్రశ్నకి అసలు కీలకం తయారీలో ఉంది. పరీక్షలకి నిలబడిన మందు బెరడు పొడి కాదు, కొవ్వులో కరిగే పదార్థాలని ద్రావకంతో లాగి తీసిన మెత్తటి ముద్దలాంటి సారం. యూరప్ మందుల సంస్థ ఒప్పుకున్న సారంలో బెరడుకీ సారానికీ నిష్పత్తి 114 నుంచి 222 భాగాలకి ఒక భాగం. ద్రావకం క్లోరోఫామ్, అది చివర్లో ఆవిరై పోవాలి. అంటే రోజుకి వేసుకునే 100 మిల్లీగ్రాముల సారం వెనక 11 నుంచి 22 గ్రాముల ఎండు బెరడు ఉంది. అందులో ఉండేవి బీటా సిటోస్టెరాల్ వంటి స్టెరాల్స్, ఉర్సోలిక్ ఆమ్లం, ఓలియానోలిక్ ఆమ్లం, డొకోసనాల్‌తో కూడిన ఫెరూలిక్ ఆమ్లపు ఎస్టర్లు. ఇవేవీ నీళ్ళలో సరిగ్గా కరగవు. పొడి చెంచాడు నీళ్ళలో వేసి అరగంట మరిగిస్తే గ్లాసులోకి వచ్చేది ఎక్కువగా టానిన్లు, అంటే ఆ వగరు. పనిచేసే భాగం చాలావరకు గిన్నె అడుగున పిప్పిలోనే మిగిలిపోతుంది. కాబట్టి "కషాయం సహజం, క్యాప్సూల్ కృత్రిమం" అనుకోవడం ఇక్కడ తప్పు దారి. రెండూ రెండు వేర్వేరు పదార్థాలు. ఒకదాని మీద జరిగిన పరీక్షల ఫలితాన్ని రెండోదానికి అంటగట్టకూడదు.

పొడిలో రెండో చిక్కు సయనైడ్. చేదు బాదం వాసన దేని వల్లో ఇప్పుడు చెప్తాను. ప్రూనస్ జాతి చెట్ల ఆకులో, బెరడులో, గింజలో అమిగ్డలిన్ లాంటి పదార్థాలుంటాయి. చెట్టు కణాల్లో అవి ఒక అరలో, వాటిని విడగొట్టే ఎంజైమ్ మరో అరలో ఉంటాయి. నలిపి, దంచి, తడి తగిలించినప్పుడు రెండూ కలిసి హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. సామర్లకోట, పెద్దాపురం వైపు కర్రపెండలం సాగు చేసేవాళ్ళకి ఈ సంగతి తెలుసు, పచ్చి దుంపలో జరిగేదీ ఇదే. సయనైడ్ 26 డిగ్రీలకే ఆవిరయ్యే పదార్థం కాబట్టి మూత లేకుండా బాగా మరిగిస్తే చాలావరకు ఎగిరిపోతుంది. మన ఇళ్ళలో జరిగేది దానికి రివర్స్: పొడిని రాత్రి చల్లటి నీళ్ళలో నానబెట్టి, మూత పెట్టి, పొద్దున్నే పరగడుపున వడగట్టి తాగించడం. విషం తయారు కావడానికి ఇంతకన్నా అనుకూలమైన పద్ధతి లేదు. నానబెట్టినప్పుడు ఎంజైమ్‌కి తీరిగ్గా పనిచేసే టైము దొరుకుతుంది, మూత ఉండటంతో పుట్టింది గిన్నెలోనే ఉండిపోతుంది. తాగిన కాసేపటికి తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, గుండె దడ, ఆయాసం, మాటలో తికమక కనబడితే ఇంటి చిట్కాలు వెతక్కుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి, ఏ పొడి తాగారో ఆ ప్యాకెట్ కూడా చూపించండి. ఈ చెట్టు గింజలు ఎవరైనా ఇచ్చినా నోట్లో పెట్టుకోవద్దు.

మూడోది, ఆ ప్యాకెట్‌లో ఉన్నది ఏ చెట్టు బెరడో కంటితో చెప్పలేం. దంచాక అన్ని బెరళ్ళూ ఎర్రటి గోధుమ రంగు పొడే. మైక్రోస్కోపు, రసాయన పరీక్ష లేకుండా పొడిని గుర్తుపట్టానని ఎవరన్నా అంటే నమ్మకండి.

ఇక పనిచేస్తుందా అన్న ప్రశ్న. వైద్య పరీక్షల్ని కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్షలో 18 పరీక్షలు, 1562 మంది మగవాళ్ళ వివరాలు కలిపి చూశారు. పైజియం తీసుకున్నవాళ్ళలో మొత్తం మీద బాగుందని చెప్పినవాళ్ళు మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళ కన్నా రెట్టింపు పైనే. రాత్రి లేవడం 19 శాతం తగ్గింది, మూత్రం పోసుకున్నాక లోపల మిగిలేది 24 శాతం తగ్గింది, ధార వేగం 23 శాతం పెరిగింది. ఈ అంకెల్ని మీ నాన్నగారి భాషలోకి మార్చుకోండి: రాత్రి నాలుగు సార్లు లేచే మనిషి మూడు సార్లు లేస్తారు. అది చిన్న విషయం కాదు, రాత్రి ఒక్క నిద్ర కలిసొచ్చినా 66 ఏళ్ళ మనిషికి ఎంతో ఊరట. అద్భుతం కూడా కాదు. ఆ పరీక్షలు 30 నుంచి 122 రోజుల వరకే సాగాయి, కొలిచిన పద్ధతులూ ఒకటి కాదు. ఏళ్ళ తరబడి వాడితే ఆపరేషన్ తప్పుతుందని గానీ, మూత్రం బందయ్యే ప్రమాదం తగ్గుతుందని గానీ ఆ పరీక్షలు చెప్పవు. గ్రంథి సైజు తగ్గించే మందు కూడా కాదు ఇది. గ్రంథిలోని మంటని (ఇన్‌ఫ్లమేషన్), చికాకుని కొంత తగ్గించి, ఫైబ్రోబ్లాస్టులనే కణాలు పెరగడాన్ని అదుపు చేస్తుందని ప్రయోగశాలలో చూశారు. స్కానింగ్‌లో 45 గ్రాములున్న ప్రోస్టేట్ ఆరు నెలల తర్వాతా 45 గ్రాములే ఉంటే మందు పనిచేయలేదని నిరాశ పడనక్కర్లేదు, చూడాల్సింది బాధ తగ్గిందా లేదా అని.

క్యాన్సర్ నయమవుతుందని, జుట్టు మొలుస్తుందని, మలేరియా పోతుందని సీసాల మీద, వీడియోల్లో వినబడే మాటల్ని పక్కన పెట్టేయండి. అట్రారిక్ ఆమ్లం అనే ఒక భాగం పరీక్షనాళికలో మగ హార్మోను పనిని అడ్డుకుంది. పరీక్షనాళికలో జరిగిందాన్ని పట్టుకుని ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న మనిషిని చికిత్సకి దూరం చేయడం ఘోరం.

క్యాప్సూల్ మొదలుపెట్టే ముందు చేయించాల్సినవి: మూత్ర పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష), షుగర్, పీఎస్ఏ (ప్రోస్టేట్‌కి సంబంధించిన రక్త పరీక్ష), పొట్ట స్కానింగ్. స్కానింగ్‌కి వెళ్ళినప్పుడు మూత్రం పోసుకున్నాక ఎంత మిగిలిందో కూడా కొలిచి రిపోర్టులో రాయమని ప్రత్యేకంగా అడగండి, చాలాచోట్ల అడిగితే గానీ రాయరు. 50 మిల్లీలీటర్ల లోపు మిగిలితే దిగులు లేదు. 200 దాటితే క్యాప్సూల్స్‌తో కాలక్షేపం చేయకూడదు, వెనక్కి తన్నిన మూత్రం నెమ్మదిగా కిడ్నీలని దెబ్బతీయొచ్చు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. ధార వేగం కొలిచే యూరోఫ్లో పరీక్ష చేయిస్తే కనీసం 150 మిల్లీలీటర్ల మూత్రం పోసినప్పుడే ఆ గీతకి విలువ. ఆత్రంగా సగం నిండకుండానే వెళ్తే ధార సన్నగా కనబడి తప్పు అర్థం వస్తుంది. పీఎస్ఏకి రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు సంభోగం, సైకిల్ తొక్కడం మానాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గి ఉంటే ఆరు వారాలు ఆగి చేయించాలి, లేకపోతే అంకె అనవసరంగా పెరిగి కంగారు పెడుతుంది. ఆయన ప్రోస్టేట్‌ని కుదించే ఫినాస్టెరైడ్ మాత్ర కూడా వాడుతుంటే ఆరు నెలలు దాటాక పీఎస్ఏ సగానికి పడిపోతుంది, కాబట్టి వచ్చిన అంకెని రెట్టింపు చేసి చదవాలి. ఈ సంగతి ల్యాబ్ వాళ్ళు చెప్పరు.

అన్నింటికన్నా చవకైన పరీక్ష ఇంట్లోనే ఉంది, దాన్నే అందరూ వదిలేస్తారు. ఒక కొలత మగ్గు, ఒక నోటుబుక్. మూడు రోజులపాటు ప్రతిసారీ ఎన్ని గంటలకి, ఎన్ని మిల్లీలీటర్లు అని రాయాలి. నీళ్ళు, టీ, మజ్జిగ ఎప్పుడెంత తాగారో కూడా రాయాలి. పడుకున్నాక పోసినదంతా, పొద్దున లేవగానే పోసిన మొదటిదాంతో సహా, కూడండి. అది 24 గంటల మొత్తంలో మూడోవంతు దాటితే మీ నాన్నగారి నిద్ర చెడగొడుతున్నది ప్రోస్టేట్ ఒక్కటే కాదు, రాత్రిపూట మూత్రం ఎక్కువగా తయారవుతోంది. సాయంత్రం వేసుకునే నీరు లాగే బీపీ మాత్ర, కాళ్ళ వాపు, గుండె నీరసం, గురకతో ఊపిరాగే నిద్ర జబ్బు, అదుపు తప్పిన షుగర్, రాత్రి తొమ్మిదికి తాగే చెంబెడు నీళ్ళు, ఇవీ కారణాలు. ఇలాంటి వాళ్ళకి పైజియం ఎన్ని సీసాలు పోసినా లాభం ఉండదు. ప్రతిసారీ 80, 100 మిల్లీలీటర్లు చొప్పున చిన్న చిన్న మొత్తాలే పడుతుంటే అప్పుడు ప్రోస్టేట్ వైపు, మూత్రాశయం వైపు చూడాలి. దీంతోపాటు ప్రోస్టేట్ బాధ ఎంత తీవ్రమో కొలిచే ఏడు ప్రశ్నల ఐపీఎస్ఎస్ స్కోరు నింపండి, మొత్తం 35. ఏడు దాకా తేలిక, 8 నుంచి 19 మధ్యస్థం, 20, ఆపైన తీవ్రం. పైజియంకి తగినవాళ్ళు మధ్యస్థం మెట్టులో ఉన్నవాళ్ళు. 20, ఆపైన వచ్చినవాళ్ళు నేరుగా యూరాలజిస్ట్ చేతిలో ఉండాలి.

ఇక మీ అక్క పంపిన సీసా. లేబుల్‌ని తిప్పి వెనక వైపు చదవండి. ప్రూనస్ ఆఫ్రికానా బెరడు సారం అని ఉండాలి. బెరడు పొడి 500 మిల్లీగ్రాములు అని ఉంటే అది ఆ మందు కాదు: అందులో అరగ్రాము బెరడు ఉంది, కావాల్సింది 11 గ్రాముల పైమాట. నాలుగుకి ఒకటి నిష్పత్తి సారం 100 మిల్లీగ్రాములు అని ఉన్నా అంతే, నాలుగు వందల మిల్లీగ్రాముల బెరడుకి సమానం. మొత్తం స్టెరాల్స్ 13 శాతం అని రాసి ఉన్నదాన్ని ఎంచుకోండి. ఒకే క్యాప్సూల్‌లో సా పాల్మెట్టో (ప్రోస్టేట్‌కి అమ్మే మరో మూలిక), గుమ్మడి గింజ, నెటిల్ వేరు, జింక్, లైకోపీన్ అన్నీ కలిపి పైజియం చిటికెడు వేసిన సీసాలే మార్కెట్‌లో ఎక్కువ. అవి వద్దు. సా పాల్మెట్టో సంగతికొస్తే అమెరికాలో 2006లోనూ, 2011లో మూడు రెట్ల మోతాదు దాకా పెంచిన రెండో పరీక్షలోనూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా ఏమీ చేయలేదు. పైగా ఇన్ని కలిసినప్పుడు కడుపులో తిప్పితే దేనివల్లో తేల్చలేం.

మోతాదు రోజుకి 100 మిల్లీగ్రాముల ప్రామాణిక సారం. పొద్దున 50, రాత్రి 50 వేసుకున్నా, ఒకేసారి 100 వేసుకున్నా ఫలితంలో తేడా లేదు. పరగడుపున వేసుకుంటే వికారం రావచ్చు, టిఫినో భోజనమో అయ్యాక వేసుకోమనండి. సారం కొవ్వులో కరిగేది కాబట్టి ఉట్టి మజ్జిగన్నంతో కన్నా కాస్త నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకోవడం నయం. రెట్టింపు వేసుకుంటే రెట్టింపు ఫలితం రాదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, మళ్ళీ మూడు రోజుల నోటుబుక్, మళ్ళీ ఐపీఎస్ఎస్. స్కోరు కనీసం మూడు పాయింట్లు తగ్గకపోతే ఆపేయండి, సీసా మిగిలింది కదా అని లాగొద్దు. తగ్గితే కొనసాగిస్తూ ఏడాదికోసారి పీఎస్ఏ, మిగిలిన మూత్రం కొలత చేయించండి.

ఇబ్బందులు వస్తే చాలావరకు కడుపుకి సంబంధించినవే: వికారం, నొప్పి, విరేచనాలు, ఒక్కోసారి మలబద్ధకం. కొందరికి తలనొప్పి. పరీక్షల్లో ఇవి ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో వచ్చినంతే వచ్చాయి. ఆడవాళ్ళకి, పిల్లలకి దీంతో పనిలేదు, గర్భిణులూ పాలిచ్చే తల్లులూ దగ్గరికి రానివ్వకూడదు. ఏదైనా ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపి సర్జన్‌కి చెప్పండి.

టామ్సులోసిన్ ఎందుకు ఆపొద్దన్నానంటే, అది మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని వదులు చేసే మందు, కొన్ని రోజుల్లోనే పనిచేస్తుంది, ఆపితే అంత త్వరగానూ పట్టు మళ్ళీ బిగుస్తుంది. పైజియం ఆరు వారాలకి గానీ తేలదు. మధ్యలో మూత్రం బందైతే అర్ధరాత్రి ఆసుపత్రిలో ట్యూబు వేయించుకోవాల్సి వస్తుంది. రెండూ కలిపి వాడాలంటే మీ యూరాలజిస్ట్‌తో చెప్పే వాడండి. ఇంకొక్క మాట: శుక్లాల ఆపరేషన్ ఎప్పుడు చేయించుకున్నా టామ్సులోసిన్ వాడుతున్నట్టు, ఎప్పుడో వాడి మానేసినా సరే, కంటి డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఆ మందు కనుపాప చుట్టూ ఉండే రంగు పొరని (ఐరిస్) సడలిస్తుంది, తెలియకపోతే ఆపరేషన్ మధ్యలో ఇబ్బంది అవుతుంది. ఇంట్లో జలుబు మాత్రల పెట్టెని కూడా సర్దండి. ఫెనైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిసిన మాత్రలు మెడికల్ షాపులో అడగ్గానే ఇస్తారు. ప్రోస్టేట్ వాపు ఉన్న పెద్దాయన చలికాలంలో రెండు పూటలు అవి వేసుకుంటే చాలు, మూత్రం బందవ్వొచ్చు.

మూత్రంలో రక్తం, చలిజ్వరం, పొత్తికడుపు బిగిసి చుక్క కూడా రాకపోవడం, నిద్రలో తెలియకుండా పక్క తడవడం, కొత్తగా నడుం ఎముకల నొప్పి, ఇవి కనబడితే ఏ మూలిక గురించీ చర్చ వద్దు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

కొనేముందు చెట్టు గురించి కూడా ఆలోచించాలి, ఇది నాకు మందు సంగతంత ముఖ్యం. రెండు టన్నుల పచ్చి బెరడు ఎండితే ఒక టన్ను, అందులోంచి వచ్చేది ఐదు కిలోల సారం. రోజుకి 100 మిల్లీగ్రాముల లెక్కన ఒక మనిషికి ఏడాదికి 36.5 గ్రాములు, అంటే దాదాపు పధ్నాలుగున్నర కిలోల పచ్చి బెరడు. సరైన పద్ధతిలో ముప్పై సెంటీమీటర్ల వ్యాసం దాటిన చెట్టుకే కత్తి పెట్టాలి. మాను చుట్టుకొలతని నాలుగు భాగాలు చేసి ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలే, రొమ్ము ఎత్తు నుంచి మొదటి కొమ్మ దాకా, లోపలి చెక్కకి గాటు పడకుండా ఒలవాలి. మిగిలిన రెండు భాగాల గుండా ఆకుల్లో తయారైన ఆహారం వేళ్ళకి దిగుతుంది. ఒలిచిన చోట బెరడు మళ్ళీ వస్తుంది, దానికి ఏడెనిమిదేళ్ళు ఆగాలి. తొందరలో చుట్టూ ఒలిచేస్తే వేళ్ళకి తిండి అందక చెట్టు నిలువునా ఎండిపోతుంది. కామెరూన్‌లో, మడగాస్కర్‌లో జరిగింది అదే, కొన్నిచోట్ల నరికేసి మరీ ఒలిచారు. అందుకే 1995 నుంచి ఈ చెట్టు, ముప్పులో ఉన్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2007లో యూరోపియన్ యూనియన్ కామెరూన్ బెరడు దిగుమతిని ఆపేసి, తర్వాత ప్రాంతాలవారీ కోటాలు పెట్టాకే తెరిచింది. అంటే మీ బంధువు తెచ్చిన అరకిలో పొడి లాంటివి పర్మిట్ లేకుండా దేశం దాటించకూడనివి. ఇంకోసారి తేవద్దని ఆయనకి చెప్పండి.

క్యాప్సూల్ కంపెనీకి మెయిల్ పెట్టి నాలుగు అడగండి: బెరడు ఏ దేశానిది, సైటీస్ పర్మిట్ ఉందా, ఈ బ్యాచ్‌లో స్టెరాల్స్ శాతం ఎంత, ద్రావకం ఎంత మిగిలిందో పరీక్ష రిపోర్టు ఇస్తారా. సూటిగా జవాబిచ్చిన కంపెనీదే కొనండి. జవాబు రాకపోతే ఆ సీసా మీ అక్కకే వెనక్కి పంపేసి, నాన్నగారిని టామ్సులోసిన్ మీదే ఉంచి, నోటుబుక్ మాత్రం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టించండి.